మా పెరట్లో నాలుగు మాఘ ఆదివారాలు

కోపం చల్లారేవరకు ఆగి ఈ సంగతి రాయవచ్చును. కానీ చల్లారిన తరువాత మనిషి తనకు అనుకూలమైనంత మేరకే జ్ఞాపకం ఉంచుకుంటాడు. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా విరమించినవాణ్ణి. వేడి మీద రాసిన నివేదికకే విలువ ఎక్కువని నాకు తెలుసు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం, సూర్యోదయానికి కొంచెం ముందు, లంబాలైన్‌లోని మా ఇంటి పెరట్లో పొగ లేచింది. ఈ దీవిలో, విమానాశ్రయం పక్కనున్న మా వీధిలో పెట్రోలు వాసన వస్తుంది, వేపుడు చేపల వాసన వస్తుంది. పిడకల వాసన మాత్రం రాదు. ఎవరి ఇంట్లోనో ఏదో అంటుకున్నదనుకొని వెనుక తలుపు తీశాను.

నా భార్య కృపావతి తలస్నానం చేసి, తడిజుట్టు ముడివేసుకొని, తూర్పు ముఖంగా కూర్చొని ఉంది. ఎదుట రథం ముగ్గు. ముగ్గు మీద మూడు ఇటుకల పొయ్యి, పొయ్యి మీద ఇత్తడి గిన్నె, గిన్నెలో పాలు. పక్కన మా పాదు నుంచి కోసిన చిక్కుడాకులు, కడిగి బోర్లించినవి.

ఏమిటిదని అడిగాను.

“మాఘ ఆదివారమండీ. పాలు పొంగిస్తున్నాను.” పచ్చడి నూరుతున్నానన్నంత మామూలుగా అంది.

“ఎవరికి?”

గడ్డంతో తూర్పు దిక్కు చూపించింది. “అక్క మొక్కు. అక్క పోయింది కదా, ఇంక నేనే తీర్చాలి. పొంగు వస్తోంది, కాస్త తప్పుకోండి. మీ నీడ పడుతోంది.”

నా స్వంత పెరట్లో, సూర్యుడికి అడ్డు వచ్చానని నన్ను తప్పుకోమన్నారు. నేను తప్పుకున్నాను కూడా. ఆ రోజు కోపానికి మొదటి కారణం అదే కావచ్చును.

ఆమె అక్క ఎరుకమ్మ ఫెరార్‌గంజ్‌లో ఉండేది. రెండు ఆవులు, కొంచెం పోకతోట. డిసెంబరులో పోయింది. వారిది హిందూ కుటుంబం. నలభై ఏళ్ళ కిందట, పెళ్ళికి ముందు, కృపావతి తన ఇష్టంతోనే బాప్తిస్మం తీసుకొని మా తెలుగు సంఘంలో చేరింది. ఆ పేరు కూడా అప్పటిదే. ముప్పై ఏళ్ళు ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం నేర్పింది. నేను ఇరవై రెండేళ్ళుగా అదే సంఘానికి కార్యదర్శిని. ఇంగ్లీషులో పేగన్ అని ఒక మాట ఉంది. మా సంఘంలో అన్యాచారం అంటాం. రెండింటిలోనూ మర్యాద లేదు. ఆ ఉదయం నేను రెండూ వాడాను.

ఆమె పరమాన్నం చిక్కుడాకుల మీద పెట్టి, దండం పెట్టుకొని, గిన్నె కడిగి, చీర మార్చుకొని, నాతోపాటు ఆరాధనకు బయలుదేరింది.

అది నెలలో మొదటి ఆదివారం. ప్రభు బల్ల ఉంటుంది. మా సంఘంలో మగవారు ఎడమ వైపు, ఆడవారు కుడి వైపు కూర్చుంటారు. రొట్టె పళ్ళెం కుడి వైపు వరుసలో చేతులు మారుతూ ఆమె దగ్గరకు వచ్చింది. ఆమె రెండు చేతులతో అందుకొని, ఏమీ తీసుకోకుండా, పక్కామెకు అందించింది. ద్రాక్షారసపు గిన్నెనూ అలాగే పంపింది. ఎవరూ అడగకుండానే నలభై ఇళ్ళవారికి సంగతి తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల తరువాత ఆమె చెప్పింది. నేను నిలబడి విన్నాను, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇరవై ఏళ్ళ కిందట కెరటం వచ్చిన ఉదయం కూడా ఆదివారమే. మా కెల్విన్‌కు అప్పుడు పదేళ్ళు. పెళ్ళైన పదేళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు. చేప కోసమని సైకిలు మీద జంగ్లీఘాట్ రేవుకు వెళ్ళాడు. భూమి కదిలింది, తరువాత సముద్రం లేచింది. నేను ఆస్పత్రికి, జెట్టీకి, మళ్ళీ ఆస్పత్రికి తిరిగాను. ఎరుకమ్మ బస్సులు లేక ఫెరార్‌గంజ్ నుంచి నడిచి వచ్చింది. రోడ్డు పక్క కూలబడి ఉన్న చెల్లెల్ని చూసి, నడినెత్తిన ఉన్న సూర్యుడి వైపు చేతులెత్తిందట. వీడు దొరికితే నా ఊపిరి ఉన్నంతకాలం మాఘ ఆదివారాలు నీకు పాలు పొంగిస్తాను, నా తరువాత వీడి తల్లి పొంగిస్తుంది అన్నదట. మూడు గంటలకు ఎవరో కెల్విన్‌ను గుట్ట మీద నుంచి దింపి తీసుకువచ్చారు. సైకిలు పోయింది, వాడు మిగిలాడు.

“అక్క ఆ మాట అన్నప్పుడు నా వైపు చూసింది. నేను తల ఊపానండీ.”

ఆ ఒక్క తల ఊపును ఇరవై ఏళ్ళు నా దగ్గర దాచింది. ప్రతి డిసెంబరు ఇరవై ఆరున నేను సంఘంలో నిలబడి సాక్ష్యం చెబుతాను. నా ప్రార్థన విని ప్రభువు నా కుమారుణ్ణి ఏ విధంగా తిరిగి ఇచ్చాడో విశదంగా చెబుతాను. వింటున్న తల్లులు కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఇరవై సాక్ష్యాలు. ఇరవైసార్లూ ఆమె ఆడవారి ముందు వరుసలో కూర్చొని నన్నే చూస్తూ విన్నది. అక్కడ ఫెరార్‌గంజ్‌లో అదే పిల్లవాడి పేరు చెప్పి మరొకరికి పాలు పొంగుతున్నాయని తెలిసి విన్నది.

కెల్విన్ ఇప్పుడు ఫెర్రీ బోటులో ఇంజను చూస్తాడు. మాతోనే ఉంటాడు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, అంతా విని, కొంతసేపు చెప్పులు విప్పడం కూడా మరచిపోయాడు.

“మాసీ నా కోసం చేసేదా? ఇన్ని సాల్ నుంచీ?” అని పెద్దమ్మ గురించి తల్లిని అడిగాడు. తరువాత నా వైపు తిరిగాడు. “డాడీ, ఛోడో నా. దూధ్ హీ తో హై.”

వదిలేయమంటాడు, పాలే కదా అంటాడు. పాలే అయితే వంటగదిలో గ్యాసు పొయ్యి ఉంది. ఆ మాటే అన్నాను. తెలుగులో ఒక వాక్యం మొదలుపెట్టి తెలుగులోనే ముగించలేని వాడితో సిద్ధాంత చర్చ నాకు అవసరం లేదని కూడా అన్నాను.

రెండవ ఆదివారం మళ్ళీ పొగ లేచింది. నేను ముందు గదిలో కూర్చొని గట్టిగా ప్రార్థన చేశాను. పెరట్లోకి వినబడాలనే చేశాను. దేవుణ్ణి ఉద్దేశించి చేసిన ప్రార్థన కాదది.

ఆరాధన ముగిసిన తరువాత పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. వయసులో చిన్నవారు, మెత్తని మనిషి. అమ్మగారు అక్కగారు పోయిన దుఃఖంలో ఉన్నారు, దీన్ని ఎవరం ఎత్తవద్దు సార్, నాలుగు వారాల్లో అదే సద్దుమణుగుతుంది అన్నారు. అది దయ అని నాకు తెలుసు. కానీ దయ తీసుకోవలసిన స్థితిలో నన్ను నిలబెట్టినందుకు మరింత మండింది.

మా సంఘ నియమావళిలో పదకొండవ నియమం ఉంది. ఇంట్లోగాని బయటగాని అన్యాచారం జరిపినవారి పేరు, జరిపిన పని సంఘం ముందు చదవాలి. వారు లేచి నిలబడి ఒప్పుకోవాలి. మూడు నెలలు ప్రభు బల్లకు దూరంగా, తలుపు దగ్గరి చివరి బెంచీ మీద కూర్చోవాలి. ఆ నియమం మొదట ఇంగ్లీషులో, తరువాత తెలుగులో రాసింది నేనే. ఒక్కసారే అమలు జరిగింది. పదిహేడేళ్ళ కిందట జంగ్లీఘాట్ దానయ్య కొత్త పడవకు కొబ్బరికాయ కొట్టినప్పుడు. ఆ రోజు ఆ కాగితం చదివింది కూడా నేనే. దానయ్య నిలబడి ఒప్పుకున్నాడు, ఆ పూట చివరి బెంచీ మీద కూర్చున్నాడు, ఆ తరువాత మా గుమ్మం తొక్కలేదు.

“కార్యదర్శి భార్య కనుక మినహాయింపా?” అని పాస్టరు గారిని అడిగాను. ఆయన ఏదో చెప్పబోయారు. ఆమె మానకపోతే నాలుగవ ఆదివారం, మార్చి బల్లకు ముందు వారం, నేనే చదువుతానని చెప్పి వచ్చేశాను.

ఇంటికి వచ్చి కృపావతికీ అదే చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండా “చదవండి” అంది.

వేడుకుంటుందని ఎదురుచూశాను. కనీసం వాదిస్తుందని. ఒక్క మాటతో సరిపెట్టింది. బుధవారం ఉదయం మునిసిపల్ చెత్త బండి పాట పెట్టుకుంటూ మా వీధిలోకి వచ్చింది. నేను పెరట్లోకి వెళ్ళి, గోడవార ఆమె ఫెరార్‌గంజ్ నుంచి తెచ్చి పెట్టుకున్న పిడకల గోనె భుజాన వేసుకొని వెళ్ళి, బండిలో నేనే పారవేశాను. డెబ్బై రెండేళ్ళ వయసులో అంత బరువు ఎత్తగలిగినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

మూడవ ఆదివారం తెల్లవారుజామున నేను మెలకువగానే పడుకొని ఉన్నాను. పెరటి తలుపు తెరుచుకుంది. ముగ్గు డబ్బా చప్పుడైంది. తరువాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. గెలిచానని అనుకున్నాను. అప్పుడు ఆమె గది గుమ్మంలోకి వచ్చింది, చేతులకు ముగ్గుపిండితో.

“గోనె ఏదండీ?”

“చెత్త బండికి ఇచ్చాను.”

“అందులో అక్క చేతులున్నాయి” అంది.

నేను ఇంగ్లీషు ఉపాధ్యాయుణ్ణి. అలంకారం వింటే గుర్తుపడతాను. ఇది అలంకారం కాదు. కార్తీకంలో, కాళ్ళు వాచి, మంచం దిగడమే కష్టంగా ఉన్న రోజుల్లో, ఎరుకమ్మ గోడకు చరిచిన పిడకలవి. ఒక్కొక్క దాని మీదా అయిదు వేళ్ళు అచ్చుపడి ఉంటాయి. నేను గోనె ఎత్తినప్పుడు అవి చూశాను. చూసి ఎత్తాను.

క్షమాపణ చెప్పవలసి ఉండెను. కోపంలో ఉన్నవాడి నోట క్షమాపణ కూడా గద్దింపులాగే వస్తుంది కనుక ఊరుకున్నాను. ఆమె వెళ్ళి కొబ్బరి డొక్కలు ఏరుకొచ్చి, వాటితోనే పొయ్యి రాజేసి పాలు పొంగించింది. ఆ రోజు నుంచి నాకు అన్నం వేళకు వడ్డించింది, మాత్రలు వేళకు ఇచ్చింది, మాట మాత్రం లేదు.

శనివారం చేపకు జంగ్లీఘాట్ వెళ్ళడం నా అలవాటు. దానయ్య కూర్చునే వైపు వెళ్ళకపోవడం కూడా పదిహేడేళ్ళ అలవాటే. ఆ శనివారం అతనే పిలిచాడు. టార్పాలిన్ నీడన వల బాగుచేసుకుంటున్నాడు.

“ఏటి మాస్టారూ, మీ యింటో పాలు పొంగాయంట గదా. మా యింటికి ఒక గలాసయినా అంపలేదు.”

చుట్టూ ఉన్నవారు నవ్వారు. అది సంఘానికి సంబంధించిన విషయమని, సంతలో మాట్లాడవలసినది కాదని చెప్పాను.

“రేపు మేడం పేరు సదువుతారంట. నిజవేనా?”

“నియమం అందరికీ ఒక్కటే.”

“అవును. నాకూ అదే సెప్పారు.” దారం పంటితో తెంపాడు. చుట్టూ ఉన్నవారు తమ బేరాల్లో పడేవరకు ఆగి, గొంతు తగ్గించాడు. “ఓ మాట సెప్తాను, కోప్పడకండి. ఆ కాయ నాను కొట్టలేదు.”

నాకు అర్థం కాలేదు.

“మా ఆడది కొట్టింది. పాత పడవ కెరటంలో పోయింది. కొత్తది నీళ్ళలోకి దిగతంటే దానికి బయం. మీరు సంగంలో నిలబెడతారని తెలిసి నా పేరు సెప్పేసినాను. ఆడమనిసి, అంతమంది ముందర ఎలాగ నిలబడతాది?”

“అంటే సంఘం ముందు అబద్ధం చెప్పావు.”

“బోలా. తో క్యా హువా?” చెప్పాను, అయితే ఏమయిందంటూ వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు. “మీరు సక్కగా రాసుకున్నారు గదా.”

చేప కొనకుండానే ఇంటికి వచ్చాను. పదిహేడేళ్ళుగా నా ఫైలులో, నా సంతకం కింద, ఒక అబద్ధం భద్రంగా ఉంది. ముందు అతని మీద కోపం వచ్చింది. ఆటోలో ఇల్లు చేరేసరికి ఆ కోపం నిలబడటానికి చోటు దొరకలేదు. పెళ్ళాన్ని అంతమందిలో నిలబెట్టడానికి మనసొప్పక ఒక చేపలవాడు తన పేరు ఇచ్చాడు. నేను నియమానికి నా పెళ్ళాం పేరు ఇవ్వబోతున్నాను. అదీ చక్కని చేతిరాతలో.

మధ్యాహ్నం బల్ల ముందు కూర్చొని ప్రకటన రాశాను. ‘కృపావతి, భర్త జీవరాజు’ అని మొదలుపెట్టాను. చించేశాను. ‘జీవరాజు’ అని రాశాను. అది అబద్ధమవుతుంది. దానయ్య చేయగలడు, నేను చేయలేను. హాజరు పట్టికలో ఒక్క తప్పుడు గీత గీయకుండా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. సంఘం ముందు చదివే కాగితంలో జరగనిది జరిగిందని రాయడం నావల్ల కాదు. అయితే ఆ కాగితం నిజం కావడానికి ఒక్క మార్గమే ఉంది. అది తోచినప్పుడు నాకు ప్రపంచంలో అందరి మీదా కోపం వచ్చింది, సూర్యుడితో సహా.

నాలుగవ ఆదివారం నేను ఆమెతోపాటే లేచాను. ఆరాధనకు వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కొని పెరట్లోకి వెళ్ళాను. రాత్రి మంచు కురిసి డొక్కలన్నీ చెమ్మగిల్లాయి. మంట అంటుకుంటోంది, వెంటనే పొగవుతోంది. ఆమె ఊది ఊది దగ్గుతోంది.

“లే. నేను ఊదుతాను.”

నన్ను, నా చొక్కాను చూసింది. “మీకు ఊదడం రాదు.”

“నేర్చుకుంటాను. లే.”

మోకాళ్ళు నేలకు ఆనించి కూర్చున్నాను. ఊదడం నాకు నిజంగానే రాదు. బూడిద కళ్ళలోకి లేచింది, పొగ గొంతులోకి పోయింది. నాలుగోసారికి పీచు కొస ఎర్రబడింది, చివరకు మంట నిలబడింది. పాల చెంబు కోసం చెయ్యి చాపాను. ఆమె చెంబు వెనక్కు తీసుకుంది.

“ఇది మొక్కండీ. మీ కోపం ఇందులో కలపకండి.”

పాలు తనే పోసింది. నేను డొక్కలు ఎగదోస్తూ ఊదుతూనే ఉన్నాను. విమానాశ్రయం అవతలి గుట్ట మీద వెలుగు పడేసరికి పాలు లేచి, తూర్పు వైపు అంచు మీదుగా పొర్లాయి. ఆమె చేతులు జోడించింది. నేను చేతులు వెనక్కు కట్టుకొని నిలబడ్డాను. ఆ దిక్కుకు దండం పెట్టలేదు. ఈ విషయం స్పష్టంగా నమోదు కావాలి.

ప్రసంగం ముగిసిన తరువాత పాస్టరు గారు నా వైపు చూసి, వద్దన్నట్టు కొంచెం తల ఊపారు. నేను లేచి వేదిక దగ్గరకు వెళ్ళి కళ్ళజోడు పెట్టుకున్నాను.

“లంబాలైన్ నివాసి, ఈ సంఘ కార్యదర్శి అయిన జీవరాజు, నేటి ఉదయం తన ఇంటి పెరట్లో, మాఘ ఆదివారం నిమిత్తం, మంట వేసి పాలు పొంగించినందున, పదకొండవ నియమం ప్రకారం మూడు నెలలు ప్రభు బల్లకు దూరంగా ఉంచడమైనది. సదరు వ్యక్తి నిలబడే ఉన్నాడు. ఒప్పుకుంటున్నాడు.”

కాగితం మడుస్తున్నాను. కుడి వైపు ముందు వరుసలో చీర గరగరలాడింది. మా ఆరాధనలో ప్రకటనల వేళ ఆడవారు మాట్లాడిన సందర్భం నా ఇరవై రెండేళ్ళలో లేదు.

“ఒక మాట,” అంది కృపావతి. వణకని గొంతు, ఆదివారపు బడిలో పిల్లలచేత వచనం అప్పజెప్పించే గొంతు. “మంట ఆయన వేయలేదు. నేనే వేశాను. పాలు పోసింది నేను. నాలుగు ఆదివారాలూ నేనే పొంగించాను. ఆయన ఈ పొద్దున ఊదారు, అంతే.”

వెనుక ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఆమె ఆగలేదు.

“మా అక్క నా బిడ్డ కోసం ఇరవై ఏళ్ళు చేసింది. అది తప్పయితే నా తప్పు. నా పేరు మీద రాయండి.”

జీవితంలో మొదటిసారి ఆమె కోసం నియమాన్ని కొంచెం వంచాను. ఆమె అంతమందిలో నిలబడి, నేను పిల్లల నోటుపుస్తకాలు దిద్దినట్టు, నన్ను దిద్దింది. చెవులు మండిపోయాయి. కానీ ఆమె చెప్పిన ప్రతి అంశమూ వాస్తవమే. మంట వేశానని నేను రాయకూడదు. జేబులోంచి కలం తీసి, వేదిక మీదే కాగితం పెట్టి, తప్పు కొట్టివేశాను. ఆమె పేరు పైన, నా పేరు కింద రాశాను. ‘పాలు పొంగించినందున’ అని ఆమెకు, ‘మంట ఊదినందున’ అని నాకు. మొదటి నుంచి మళ్ళీ చదివాను. దానయ్య కాగితం మాత్రం దిద్దలేదు. అది అతను కోరి రాయించుకున్నది.

తరువాత మధ్య దారి వెంట తలుపు దగ్గరి చివరి బెంచీకి నడిచాను. ఆమె అప్పటికే వచ్చి ఒక పక్కకు సర్దుకొని కూర్చుంది. ఆ బెంచీకి ఆడ వైపు, మగ వైపు లేవు. పెళ్ళి ప్రమాణం నాడు ఇదే గుడిలో పక్కపక్కన నిలబడ్డాం. తరువాత నలభై ఏళ్ళలో ఇక్కడ మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదలు.

“కాలరు మీద మసి ఉంది” అంది, ముందుకే చూస్తూ. ఆ వారంలో నాతో అన్న మొదటి మాట కాదది; పొద్దున అన్నవి ఉన్నాయి. కానీ కోపం లేకుండా అన్న మొదటి మాట.

“ఉండనీ” అన్నాను. నా కోపం అలాగే ఉంది. అయినా, “ఆ గోనె…” అన్నాను.

“పాట నంబరు చూడండి” అంది, పాటల పుస్తకం నా చేతిలో పెడుతూ.